పురుగు పట్టేదాకా మీది

నా చిన్నప్పుడు మేడ్చల్‌లో ముక్కపురుగుకు ఉన్నంత అధికారం ఏ కచేరీలో ఏ ఆఫీసరుకూ ఉండేది కాదు. నవ్వకండి. ఎవరింటి ఇత్తడి ఎవరింటికి పోవాలో, ఎవరి రాగి ఎవరికి మిగలాలో అదే తేల్చేది. సంతకం లేదు, ముద్ర లేదు. బియ్యపు గింజలోంచి అలా ముక్కు బయటపెట్టిందంటే తీర్పు అయిపోయినట్టే. దాని మీద అప్పీలు కూడా లేదు. ఆ న్యాయస్థానం మా రైలుగేటు దగ్గర, పాత సామాన్ల చాచా దుకాణంలో నడిచేది.

దుకాణం సంగతి చెప్పాలంటే ముందు దాని తలుపు సంగతి చెప్పాలి. ఎక్కడో కూలిపోయిన దొరల గడీ నుంచి చాచా కొనుక్కొచ్చిన టేకు తలుపు అది. ఏనుగు అంబారీతో సహా, మీద గొడుగు పట్టుకుని మరీ దూరిపోవచ్చు. అయితే దానికి గోడ లేదు. దుకాణమంటే నాలుగు కర్రల మీద రేకులు, మూడు వైపులా తడికలు, ముందంతా ఖాళీ. ఆ ఖాళీలో ఈ తలుపు చౌకట్టుతో సహా ఒంటరిగా నిలబడి ఉండేది. అటుపక్కనుంచీ ఇటుపక్కనుంచీ ఎద్దులబండి పోయేంత దారి ఉన్నా, ఊళ్లో ఎవరూ పక్కనుంచి వచ్చేవారు కాదు. గొళ్లెం చప్పుడు చేసి, తలుపు తెరుచుకుని, లోపలికొచ్చి, మళ్లీ మూసేవారు. కుక్కలు కూడా చాచా తలుపు తీసేదాకా బయటే కూర్చునేవి.

లోపల గోడ గడియారాలు ఒక్కోటి ఒక్కో దేశపు టైము చెప్పేవి. ఏదో ఒక గడియారంలో ఎప్పుడూ భోజనం వేళ అయ్యే ఉండేది గనక చాచాకు ఎప్పుడూ ఆకలే. గ్రామఫోను గొట్టంలో ఒక నల్లకోడి కాపురముండేది. పాట రాకపోయినా రోజూ గుడ్డయినా వస్తోంది కదా అని చాచా దాన్ని అమ్మలేదు. మూలన ఒక చెక్క కుర్చీకి అడ్డంగా తాడు కట్టి ఉండేది. అది నవాబు కూర్చున్న కుర్చీ. ఏ నవాబు అంటే, అది కొనేవాడి ముఖాన్ని బట్టి ఉండేది. పక్కనే తుప్పుపట్టిన ఇనుప బకెట్ ఒకటి. మామూలు బావి బకెట్టే. కానీ నేను చూస్తుండగానే అది మొదట జమీందారు బకెట్ అయి, వానలు పడేనాటికి నవాబు గుర్రం నీళ్లు తాగిన బకెట్ అయింది. ఇంకో ఏడాది ఆగితే ఆ గుర్రానికి పేరు కూడా వచ్చేది.

అంటే చాచా అబద్ధాలు ఆడేవాడు. ఆడేవాడు అనడం చిన్నమాట, నేసేవాడు. అయితే ఒక్క విషయంలో మాత్రం ఆయన నోట అబద్ధం వచ్చిందని ఊళ్లో ఎవరూ అనలేరు. అది బియ్యం విషయం.

మా వైపు ఇంట్లోంచి గిన్నె ఖాళీగా గడప దాటకూడదు. పక్కింటివాళ్ల గిన్నె తిరిగిచ్చినా అందులో రెండు మిరపకాయలో, కాస్త బెల్లమో వేసి ఇస్తాం. కష్టం వచ్చి ఇంటి సామాను అమ్ముకోవాల్సి వచ్చినా ఆ పద్ధతి తప్పేవారు కాదు. పాతచీరలో చుట్టి, కొంగు చాటున పెట్టుకుని, ఊరంతా చుట్టూ తిరిగి చాచా దగ్గరికి తెచ్చిన గిన్నెలో కూడా అడుగున పిడికెడు బియ్యం ఉండేవి. చాచా ముందు చాయ్ తాగించేవాడు. తర్వాత పైసలు చేతిలో పెట్టేవాడు. కానీ ఆ బియ్యం పారబోసేవాడు కాదు. గిన్నెను బియ్యంతో సహా అరుగు మీద పెట్టి, ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెప్పేవాడు.

"పురుగు వట్టేదాక మీది. వట్టినంక నాది."

అంతే ఒప్పందం, మా మాటల్లో ఖరార్. బియ్యానికి పురుగు పట్టకముందే తీసుకున్న పైసలు తెచ్చిస్తే గిన్నె తీసుకుపోవచ్చు. పైసలు లేకపోయినా, అవసరం పడితే ఒక పూట ఇంటికి తీసుకెళ్లి వాడుకుని తిరిగి తెచ్చి పెట్టొచ్చు. పురుగు పట్టిందా, ఇక దాన్ని సికింద్రాబాద్‌కు అమ్మినా, సీమకు అమ్మినా అడగడానికి లేదు. పొద్దున్నే దుకాణం తెరవగానే చాచా ఒక్కో గిన్నెలోని బియ్యాన్నీ చిన్న చాటలో పోసి, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, వజ్రాల వ్యాపారిలా గింజ గింజా చూసేవాడు. ఉంటే ఉందనేవాడు, లేకపోతే లేదనేవాడు. అందుకే ఊళ్లో ఆడవాళ్లు తమ ముంతనో బిందెనో ఆయన అరుగు మీద పెట్టి వచ్చి కూడా నిద్రపోగలిగేవారు. సామాను పోలేదు, గడువు మీద ఉంది, అంతే.

ఇక మా అవ్వ, అంటే మా నాయనమ్మ. నిజం చెప్పడంలో మా అవ్వ ఎంత మొండిదంటే, మా మేనత్త పెళ్లిచూపుల్లో "మా పిల్లకు కోపం జాస్తి" అని అడగకముందే తనే చెప్పేసింది. అబ్బాయి తరఫువాళ్లు ఆ నిజాయితీకి మురిసిపోయి అక్కడికక్కడే తాంబూలాలు మార్చుకున్నారు. ఆ నిజం ఎంత నిజమో తర్వాత తెలుసుకున్నారు, అది వేరే సంగతి.

అవ్వకు పుట్టింటివాళ్లు పెట్టిన రాగి గంగాళం ఒకటి ఉండేది. షామీర్‌పేట చెరువు దాంట్లో పోస్తే మెడ దాకా వస్తుందేమో గానీ పొర్లదని నా అంచనా. మా ఇంట్లో ఎవరు పుట్టినా తొలి స్నానానికి అందులోనే నీళ్లు తొరిపేవారు, అంటే వేడికి చన్నీళ్లు కలిపేవారు. మా బాపు ఆ నీళ్లతోనే, మా మేనత్త ఆ నీళ్లతోనే, నేనూ ఆ నీళ్లతోనే. అవ్వ కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, గంగాళంలోంచి చెంబు ముంచి పోసేదట. ఆ నీళ్లు పడితేనే బిడ్డ మా ఇంటి బిడ్డ అయినట్టు.

ఆ ఏడు బాపు కౌలుకు చేసిన ద్రాక్షతోట మీద కోతకు ముందు వడగళ్లు పడ్డాయి. నిమ్మకాయలంత ఉన్నాయని బాపు అంటాడు. కొబ్బరికాయలంత అని నేనంటాను. ఏవైనా, పందిరి నేలకు అంటుకుంది. సరిగ్గా అప్పుడే మా మేనత్త తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. దవాఖానా ఖర్చు ముందుంది, ఇంట్లో పైసా లేదు. అవ్వ రెండు రోజులు ఆలోచించింది. మూడోనాడు గంగాళంలో పిడికెడు బియ్యం వేసి, చీర చుట్టి, నన్ను తోడు తీసుకుని చాచా దుకాణానికి నడిచింది. పురిటి ఖర్చు కోసం పురిటి గంగాళాన్నే అమ్మడానికి.

చాచా ఎప్పటి మాటే చెప్పాడు. అవ్వ తలూపింది. దోవలో ఒక్క మాటే అంది. "కాన్పు వానకాలంల. పురుగు వట్టేది గుడ వానకాలంలనే." అప్పుడు నాకు భయం వేసింది. ఆ పుట్టబోయేదీ పురుగూ పరుగుపందెంలో ఉన్నాయి. ఎవరు ముందొస్తారో వాళ్లదే గంగాళం.

ఆ రోజు నుంచి ప్రతి సంతరోజూ అవ్వ నన్ను వెంటబెట్టుకుని, అత్తారింట్లో ఉన్న కూతురిని చూడబోయినట్టు గంగాళాన్ని చూడబోయేది. తలుపు గొళ్లెం కొట్టేది, లోపలికి పోయేది, గంగాళం అంచు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడేది. ఇంటికొచ్చాక మా మేనత్త "అమ్మా, గంగాళం ఏది, కనబడ్తలేదు?" అంటే, అబద్ధమాడలేక, నిజం చెప్పలేక, చరచరా పెరట్లోకి పోయేది. ఆ వేసవిలో మా పెరడంత శుభ్రంగా మేడ్చల్ తాలూకా మొత్తంలో ఇంకో పెరడు లేదు.

ఇంతలో పందెంలోకి మూడో మనిషి దిగింది. అల్వాల్ వైపు బంగళాలో ఉండే ఒక మేడం తెల్లకారులో వచ్చి గంగాళాన్ని చూసింది. వరండాలో పూలకుండీగా పెడితే బ్రహ్మాండంగా ఉంటుందంది. ఎంతయినా ఇస్తానంది. చాచా తన షరతు చెప్పాడు. పాపం మేడం మంచి మనిషి, ఇదేదో పాతసామాన్ల శాస్త్రం అనుకుంది. ఇక ప్రతి సంతకూ ఆ కారు రావడం, మేడం దిగి ఆ తలుపు దగ్గర నిలబడి ఎంతో మర్యాదగా "ఏమండీ, పురుగు పట్టిందాండీ?" అని అడగడం. లోకంలో బియ్యానికి పురుగు పట్టాలని పట్టుచీర కట్టుకుని వచ్చి అడిగిన మనిషిని నేను ఆమెను తప్ప ఇంకెవరినీ చూడలేదు. "ఇంక లేదు మేడం," అనేవాడు చాచా. నేను ముక్కపురుగులకు మనసులోనే దండాలు పెట్టేదాన్ని. రావొద్దు తల్లీ, ఇంకో నెల రావొద్దు, ఊళ్లో ఇన్ని బియ్యం ఉన్నాయి, ఇంకెక్కడికైనా పోండి.

తొలకరి పడింది. మిగతా గిన్నెల్లో పురుగు పట్టింది. అరుగు మీద సామాను ఒక్కోటీ కదిలిపోయింది. మా గంగాళం బియ్యం మాత్రం నిన్న దంచినట్టు తెల్లగా ఉన్నాయి. నా దండాలు ఫలించాయని నేను ఎగిరి గంతేశాను. అవ్వ గంతెయ్యలేదు. బియ్యంలో చెయ్యి పెట్టి అడుగు దాకా కలిపింది. నాలుగైదు ఎండిన వేపాకులు పైకి తేలాయి.

"గిదేంది భాయ్?" అంది అవ్వ.

"గాలికి వడ్డట్టున్నయి అక్కా," అన్నాడు చాచా.

"గీడ యేపచెట్టు ఏడుంది?"

"మస్తు గాలి ఉండె అక్కా. తూంకుంట దిక్కుకెల్లి వచ్చింది."

"వచ్చి, మందివన్ని ఇడిసిపెట్టి, నా బియ్యం అడుగుకు వొయ్యి కూసున్నయా?"

చాచా కోడి వైపు చూశాడు, కోడి చాచా వైపు చూసింది. అవ్వ గొంతు తగ్గించింది. అవ్వ గొంతు తగ్గిస్తే అరిచిన దానికన్నా భయం. "నాకు ధర్మం జేస్తున్నవా భాయ్? పైసల్ దీస్కున్న. ఖరార్ జేస్కున్న. ఊరందరికి ఒక ఖరార్, నాకొక ఖరారా?" ఒక్కో ఆకూ ఏరి, చాచా చేతిలో పెట్టి, తలుపు తెరిచి, బయటికొచ్చి, మళ్లీ మూసి ఇంటికి నడిచింది. ఆ సాయంత్రం ఇంట్లో ఉన్న సత్తు బకెట్‌ను పీచుతో అరిగిపోయేలా తోమింది. ఎందుకు తోముతోందో నాకు తెలుసు. మేనత్తకు నెలలు నిండుతున్నాయి, తొలి నీళ్లకు ఏదో ఒకటి ఉండాలి కదా.

తర్వాతి సంతకు ముసురు. రేకుల మీద వాన చప్పుడుకు గడియారాలు కొట్టుకోవడం కూడా వినబడడం లేదు. మేమూ మేడమూ దాదాపు ఒకేసారి తలుపు దగ్గరికి చేరాం. వానలో తడుస్తూ కూడా వరసగా ఆ తలుపులోంచే వచ్చాం. "ఏమండీ, పురుగు..." అంటూ మేడం మొదలుపెట్టింది. చాచా గంగాళంలోంచి బియ్యం చాటలో పోశాడు. నేను మునివేళ్ల మీద నిలబడి చూశాను.

ఉన్నాయి. ఒకటో రెండో కాదు. పెళ్లికి తరలివచ్చినట్టు చుట్టపక్కాలతో వచ్చాయి. చాట మీద బారులు తీరి నడుస్తున్నాయి.

చాచా చాలాసేపు చూశాడు. తర్వాత నెమ్మదిగా కళ్లద్దాలు తీశాడు. అంగీ అంచుతో తుడిచాడు. మళ్లీ పెట్టుకోలేదు. చేతిలోనే పట్టుకుని, చాటను దగ్గరికి తెచ్చుకుని, దూరం జరిపి, "ఏం కనబడ్తలేదు మేడం," అన్నాడు. ఆరు ఫర్లాంగుల దూరం నుంచి ఇత్తడేదో కంచేదో చెప్పగల మనిషి!

"గుడ్డోనివా భాయ్?" అంది అవ్వ. "గిదేంది? గిదేంది? గీ నడిషేటియేంది?"

"నూకలు అక్కా."

"నడిషే నూకలా!" అవ్వ ఒక పురుగును వేలి మీదికి ఎక్కించుకుని మేడం ముఖం ముందు పెట్టింది. "సూడు బిడ్డా, ముక్కపురుగు. గంగాళం నీది. కొంటవో ఇడుస్తవో నీ ఇష్టం. మాట మాటనే."

మేడం పురుగును చూడలేదు. అవ్వను చూసింది. "ఈ గంగాళం మీదా అమ్మా?" అంది. నేనే మాట్లాడాను. మా మేనత్తకు రేపో మాపో కాన్పు అనీ, మా ఇంట్లో పుట్టినవాళ్లందరికీ తొలి నీళ్లు దీంట్లోనే అనీ, ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. అవ్వ నా వైపు చూసిన చూపుకు రాగి కూడా కరిగేది.

మేడం తోలుసంచీ తెరిచి, ఎండకు పెట్టుకునే నల్ల కళ్లద్దాలు తీసి, ఆ ముసురులో, ఆ చీకటి దుకాణంలో, తాపీగా పెట్టుకుంది. వంగి చాటలోకి పరిశీలనగా చూసింది. "నిజమేనండీ," అంది చాచాతో, "నాకూ ఏమీ కనిపించడం లేదు."

అవ్వ వేలు చాపుకునే నిలబడి ఉంది. పురుగు వేలు దిగి, చెయ్యి మీదుగా గాజుల దాకా నడిచింది. గంగాళం కావాలని ఆ చెయ్యికి ఎంత ఉందో, మాట తప్పకూడదని అంతే ఉంది. అవ్వ నా వైపు తిరిగింది. "నువ్వు జెప్పవే. అబద్ధమాడితే కండ్లు వోతయని నీకు నేర్పిన్న లేదా? కనబడ్తుందా, లేదా?"

లోకంలో నాకు కనబడనిది ఏదైనా ఉంది అంటే అది ఆ పురుగు కాదు. దాని ముక్కు కూడా కనబడుతోంది. నేను అవ్వ చేతిని చూశాను, అవ్వ ముఖాన్ని చూశాను.

"ఏది అవ్వా?" అన్నాను.

అవ్వ మా ముగ్గురినీ ఒక్కొక్కరినీ చూసింది. అద్దాలు చేతిలో పట్టుకున్న చాచాను, నల్లద్దాలు పెట్టుకున్న మేడంను, అద్దాలే లేని నన్ను. "మీ కండ్లల్ల మన్ను వొయ్య!" అంది. అని, ఆ నవాబు కుర్చీకి కట్టిన తాడు ఇంత పక్కకు జరిపి, ఎవరూ ఎన్నడూ కూర్చోని ఆ కుర్చీలో దభీమని కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఇప్పటికీ చెప్పలేను. బహుశా ఆమెకూ తెలిసి ఉండదు. చాచా ఆ తాడును ఇంకాస్త పక్కకు జరిపాడు.

కానీ మా అవ్వ మా అవ్వే. కళ్లు తుడుచుకుని లేచి, పురుగుబియ్యాన్ని కోడి ముందు పోసింది. సంతలో కొన్న కొత్తబియ్యంలోంచి పిడికెడు తీసి గంగాళంలో వేసింది. "ఇగ ఇది కొత్త ఖరార్," అంది. "ఈపారి యేపాకు ఏసినవనుకో, చెయ్యి ఇర్గగొడ్త." చాచా రెండు చెవులూ పట్టుకున్నాడు. మేడం తనకేం తొందర లేదని, మళ్లీ పురుగు పట్టేదాకా ఆగుతాననీ చెప్పింది. అప్పుడు అవ్వ ఆమె ముఖంలోకి సూటిగా చూసి, తల ఒక్కసారి ఊపింది. అవ్వ దగ్గర అదే పెద్ద దండం.

మేనత్తకు ఆ వారంలోనే ఆడపిల్ల పుట్టింది. పురుగు పట్టలేదు గనక ఖరారు ప్రకారం గంగాళం ఇంకా మాదే. చాచా స్వయంగా నెత్తిన పెట్టుకుని తెచ్చి మా వాకిట్లో దించాడు. అవ్వ కాళ్లు చాపింది, నీళ్లు తొరిపింది, చెంబు ముంచింది. బిడ్డ ఏడ్చిన ఏడుపు కౌకూర్ దాకా వినబడిందని అందరూ ఒప్పుకున్నారు. కోపం తల్లిదే వచ్చిందని అవ్వ అక్కడికక్కడే నిజం చెప్పేసింది. స్నానం కాగానే గంగాళం నిండా మక్కగారెలు పోసి తిరిగి చాచా అరుగు మీదికి పంపింది. ఖాళీగా పంపకూడదు కదా. మరుసటి ఏడు పందిరి కాసింది. అందాకా ఆ బియ్యంలో పురుగు చాచాకు కనబడనే లేదు. బాపు పోయి, పైసలు కట్టి, గంగాళాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు.

బిడ్డను తొట్టెలలో వేసే వేడుకకు మేడం కూడా వచ్చింది, నల్లద్దాలు నెత్తి మీద పెట్టుకుని. పూలకుండీకి ఆమె చివరికి ఆ తుప్పు బకెట్ కొనుక్కుపోయింది. నవాబు గుర్రం దాంట్లోనే నీళ్లు తాగేదని చాచా ప్రమాణం చేసి చెప్పాడు. ఆమె నమ్మింది. నమ్మిందో, ఆ రోజు కూడా కనబడలేదో!

ఇప్పుడు చాచా లేడు, దుకాణం లేదు. ఆ జాగాలో ఫోన్ల షాపు ఉంది, దాని తలుపు అద్దంది, దానంతట అదే తెరుచుకుంటుంది. ఎవరూ గొళ్లెం కొట్టరు. గంగాళం మా అల్వాల్ ఇంట్లో ఉంది. నా మనవరాలు అంత చిన్నదాంట్లో షామీర్‌పేట చెరువు ఎట్లా పడుతుందని అడిగింది. నేనే చిన్నదాన్నయి ఉండాలి మరి. అందులో అడుగున ఎప్పుడూ పిడికెడు బియ్యం ఉంచుతాను.

నాకూ కళ్లద్దాలు వచ్చి చాలాకాలమైంది. మొన్న ఎదురింటి అక్క గిన్నె పట్టుకుని వచ్చి, అనుకోకుండా చుట్టాలొచ్చారు, కాస్త బియ్యం ఉంటే చూడమంది. వాళ్లింటి తలుపు మా తలుపుకు ఎదురుగానే ఉంటుంది. ఆ పొద్దున చుట్టాలెవరూ రాలేదు. నేను బియ్యం డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టి, అద్దాలు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టాను. ఆమె గిన్నె నిండేదాకా తుడుస్తూనే ఉన్నాను. నాకు చూపు తగ్గుతోందని ఈ అపార్టుమెంటులో అందరూ జాలిపడుతుంటారు. కళ్ల డాక్టరు మాత్రం చూపు బాగానే ఉందంటాడు. ఆయన ఎప్పుడూ మా చాచా దుకాణానికి రాలేదు కదా.